ఎనిమిదో తాత

అల్మాటీ
5 అక్టోబర్ 1997

అత్తయ్య గారికి,

మీ కోడలు రౌషన్ తల వంచి సలాం చేసి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీరు పంపిన ఆపిల్ పళ్ల పెట్టె, తేనె డబ్బా బస్సు డ్రైవర్ ఒరాజ్ భద్రంగా తెచ్చి ఇచ్చాడు. పెట్టె మూత తీయగానే గదంతా మీ సర్కండ్ ఊరి వాసన నిండింది. మీ అబ్బాయి ఒక పండు తీసుకుని నిలబడే తినేశారు.

ఒక విషయం మీ దగ్గర దాచాను. ఆయన పనిచేసే లిఫ్టుల మరమ్మతు సంస్థ ఆగస్టులోనే మూతపడింది. ఇప్పుడు పెద్ద బజారులో చైనా సరుకు మూటలు మోస్తున్నారు. మా ఇంటి లిఫ్టు ఆగిపోయి కూడా నెల దాటింది. సగం ఊరి లిఫ్టులు బాగుచేసిన మనిషి నీళ్ల బకెట్లు పట్టుకుని ఏడో అంతస్తుకి మెట్లెక్కి వస్తున్నారు. గదిని వేడి చేసే గొట్టాలు చల్లగా పడి ఉన్నాయి. నేను లోపల కూడా కోటు విప్పడం లేదు.

మీ ఊరి పిండిమరలో యంత్రాలు చూసుకునే మనిషి కావాలని ఆయనకు కబురు వచ్చింది. వెళ్దామా అని ఆయన అడిగారు, పోదాం అని నేను వెంటనే అన్నాను. ఆస్పత్రి పక్కన మందుల షాపులో ఉద్యోగం ఖాళీగా ఉందని విన్నాను. అది దొరికితే నాకూ పని ఉంటుంది. బస్టాండులో మైకు ముందు కూర్చునే మీకు తెలియని విషయం ఊళ్లో ఉండదు కదా, ఒక్కసారి కనుక్కుని రాయండి.

ఇంకొకటి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పుట్టిన నలభయ్యో రోజున నా చేతుల్లోంచి మీ ఒళ్లో పెట్టిన పిల్ల జిబెక్, మొన్న ఆగస్టులో మేము వచ్చినప్పుడు నాకు గిన్నెలో టీ అందిస్తూ, "వదినా, పాలు ఇంకాస్త పొయ్యనా?" అని అడిగింది. చాలమ్మా అన్నాను. ఆ పిలుపు అప్పటి నుంచీ నా చెవిలో ఉండిపోయింది.

మీ జవాబు కోసం చూస్తూ,
రౌషన్


సర్కండ్
19 అక్టోబర్

అమ్మాయ్ రౌషన్,

నీ ఉత్తరం చేరింది. ఉద్యోగం పోయిన సంగతి రెండు నెలలు దాచారా? కన్నతల్లికి చెప్పడానికి యెర్కిన్‌కి చెయ్యి రాలేదా, కలం దొరకలేదా? మూటలు మోస్తే నడుము పట్టుకుంటుంది, గొర్రె కొవ్వు పంపుతున్నాను, వాడికి పట్టించు.

ఇక మీరు రావడం సంగతి. ఇక్కడి నుంచి అల్మాటీకి వెళ్లే బస్సులు కిటకిటలాడుతూ వెళ్తాయి, ఖాళీగా తిరిగొస్తాయి. టిక్కెట్లు చింపేది నేనే కదా, కళ్లారా చూస్తున్నాను. ఊరు ఊరంతా అటు పోతుంటే మీరు ఇటు వస్తామంటున్నారు. సాయంత్రం రెండు గంటలే కరెంటు. నా మైకు పనిచేయక, "తాల్దికొర్గాన్ బస్సు! ఎక్కండి బాబూ, డ్రైవరు గడ్డకట్టుకుపోతున్నాడు!" అని గొంతు చించుకుని అరుస్తున్నాను. పట్నంలో పెరిగినదానివి, చలికాలం పెరట్లో బావి తాడు లాగగలవా?

మందుల షాపులో ఎవరినో పెట్టుకున్నారట. అడిగాను.

వదిన మాటకొస్తే, నేనేమీ కొత్తగా కనిపెట్టలేదు. మొదటి మనవడైనా మనవరాలైనా నాయనమ్మ బిడ్డే అన్నది మన ముత్తాతల నాటి పద్ధతి. నా మొదటి బిడ్డ యెర్కిన్‌ని మా అత్తగారు తీసుకున్నారు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, పన్నెండేళ్లు వాడు నన్ను వదినా అనే పిలిచాడు. నేను చచ్చిపోయానా? బతికే ఉన్నాను, బస్సులు పంపిస్తున్నాను.

జిబెక్ బడికి చక్కగా వెళ్తోంది. వాళ్ల టీచరు అందరినీ తండ్రితో మొదలుపెట్టి ఏడు తరాల తాతల పేర్లు నేర్చుకు రమ్మంది. నీకూ నాకూ ఆ పేర్లు నోట అనకూడదు, రాయకూడదు, ఈ ఇంటి కోడళ్లం కదా. మా మరిది చేత కాగితం మీద రాయించాను. మనం అనలేని పేర్లన్నీ అది ఊయలూగుతూ గడగడా చదివేస్తోంది.

మీ అత్త,
కుల్యాష్


అల్మాటీ
2 నవంబర్

అత్తయ్య గారికి,

గొర్రె కొవ్వు అందింది. ఆయన నడుము కాస్త తేరుకుంది.

మందుల షాపులో ఎవరినో పెట్టుకున్నారని రాశారు. ఒరాజ్ తన భార్య మందు చీటీ తెచ్చి ఇక్కడ కొనిపెట్టమన్నాడు. అదేమిటి, మీ ఊళ్లో షాపు లేదా అన్నాను. "ఎక్కడిదక్కా! నడిపే మనిషి లేక మే నెలలోనే తలుపుకి అడ్డంగా పలకలు కొట్టేశారు. తలనొప్పి బిళ్లకి కూడా నూరు మైళ్లు పోవాలి," అన్నాడు. ఒరాజ్ పొరబడ్డాడని అనుకోమంటారా?

బావి తాడు నేను లాగగలను. ఇక్కడ రోజూ ఏడు అంతస్తులు ఎక్కుతున్న చేతులూ కాళ్లూ ఇవి. మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. జిబెక్ చదువుతున్న ఆ ఏడు పేర్లు ఎవరితో మొదలవుతున్నాయి?

రౌషన్


సర్కండ్
16 నవంబర్

రౌషన్,

అవును, అబద్ధం చెప్పాను. ఒరాజ్ నోటికి తాళం లేదని తెలిసీ అతని బస్సులోనే ఉత్తరం పంపాను, అది నా తెలివితక్కువతనం.

ఎందుకు చెప్పానో నీకు తెలుసు. అయినా నా చేత రాయించాలని చూస్తున్నావు కాబట్టి రాస్తున్నాను. మీరు ఈ ఊరికి ఉద్యోగం కోసం రావడం లేదు. మొదటి వారం పిల్లని భోజనానికి పిలుస్తావు. రెండో వారం రాత్రికి ఉంచుకుంటావు. నెల తిరిగేసరికి నా ఇంట్లో దాని చెప్పులు కూడా ఉండవు. నాకు యాభై తొమ్మిదేళ్లు. దానికి జ్వరం వస్తే నేను తినను, అది నవ్వితే నాకు ఆకలి వేస్తుంది. ఇంతకంటే సూటిగా రాయడం నాకు చేతకాదు.

రండి. కానీ వచ్చే ముందు రొట్టె చేత్తో పట్టుకుని ఒట్టు వెయ్యి. పిల్లకి ఏమీ చెప్పననీ, నా ఇంట్లోంచి తీసుకుపోననీ ఒట్టు వేసి రాయి. అప్పుడు షాపు తాళంచెవి నేనే ఇప్పిస్తాను.

జిబెక్ బడిలో పెద్ద రాణిగారైపోయింది. మా మరిది మనవరాలు మదీనా దాని తరగతే. పేర్లు అప్పగించినప్పుడు మదీనా ఏడు పేర్లు ఒకచోట ఆగాయి, మనదానివి ఇంకో తరం వెనక్కి వెళ్లాయి. "అంటే నేను మీ నాన్న తరందాన్ని. నీకు మేనత్తని. నా సంచి పట్టుకో!" అందట. ఆ మదీనా పాపం వారం నుంచి రెండు సంచులు మోస్తోంది. నవ్వుకోవడానికి రాశాను.

కుల్యాష్


అల్మాటీ
7 డిసెంబర్

అత్తయ్య గారికి,

నాకు నవ్వు రాలేదు. నేనడిగిన ప్రశ్నకి మీరు జవాబు రాయకపోయినా ఆ సంచుల కథే జవాబు చెప్పింది. దాని కాగితంలో మొదటి పేరు మామయ్యగారిది. మీ అబ్బాయి పేరు అందులో లేదు. పిలుపు ఒక్కటే మారిందనుకున్నాను, నా బిడ్డ తరమే మార్చేశారు.

ఒట్టు వెయ్యను. రొట్టె ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను, చెయ్యి ముందుకు రాలేదు.

మీరు సూటిగా రాశారు, నేనూ రాస్తాను. జిబెక్ తర్వాత నాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి, నాలుగేళ్ల కిందట, ఇక పుట్టరని డాక్టరు చెప్పేసింది. మీకు చెప్పవద్దని నేనే ఆయన దగ్గర మాట తీసుకున్నాను. ఎందుకో తెలుసా? చెబితే, ఇచ్చిన బిడ్డని వెనక్కి అడుగుతున్నట్టు ఉంటుందని. పదహారు కుటుంబాలున్న ఈ మెట్ల వరసలో ప్రతి తలుపు వెనకా ఎవరో ఒకరు అమ్మా అని అరుస్తుంటారు. ఆ తలుపులు దాటుకుంటూ ఏడో అంతస్తుకి రోజూ ఎక్కుతున్నాను.

మీ అబ్బాయిని అడగమన్నాను. "అమ్మని నేనేం అడగగలను రౌషన్? నా నోరు లేవదు," అని గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆయనకు లేవకపోతే నాకు లేస్తుంది. మార్చిలో మేము వస్తున్నాం. నా కూతురికి నేనెవరో నా నోటితో చెబుతాను. మీరు తాళంచెవి ఇప్పించినా ఇప్పించకపోయినా, బస్సు దిగనివ్వకపోయినా సరే.

ఇలా రాసినందుకు నా మీద నాకే కోపంగా ఉంది. అయినా చింపను.

రౌషన్


అల్మాటీ
11 జనవరి 1998

అత్తయ్య గారికి,

నెల దాటింది. నాలుగుసార్లు ఒరాజ్ ఖాళీ చేతులతో వచ్చాడు. ఆఖరిసారి, "పెద్దమ్మ ఎవరితోనూ మాట్లాడటం లేదక్కా. మైకులో కూడా బస్సు పేరు ఒక్కసారే చెబుతోంది," అన్నాడు. జిబెక్‌కి ఒంట్లో ఎలా ఉంది? నా మీద కోపం ఎంతైనా ఉండనివ్వండి, ఆ ఒక్క ముక్క రాయండి. మాకు అన్నం సహించడం లేదు.

రౌషన్


సర్కండ్
1 ఫిబ్రవరి

అమ్మా రౌషన్,

పిల్లకి ఒంట్లో బాగానే ఉంది. ముందు అది చదువుకుని కూర్చో. మిగతాది నెమ్మదిగా చదువు.

కొత్త సంవత్సరం సెలవులకి ముందు రోజు మదీనాకి ఒళ్లు మండింది. రెండు సంచులూ మంచులో విసిరికొట్టి, "నువ్వేం నాకు అత్తవి కాదు! మా అమ్మ చెప్పింది. నీ పేర్లలో ఒకటి ఎగ్గొట్టారు. పైన యెర్కిన్ అని రాసుకో, పో!" అందట. మనది తిన్నగా బస్టాండుకి వచ్చింది. మంచు దులుపుకోకుండానే నా పక్కన నిలబడి, "అమ్మా, నా పేర్లలో ఒకటి తప్పిపోయిందా?" అని అడిగింది.

నేను మైకు చేత్తో పట్టుకుని ఉన్నాను. లేదు అన్నాను. అని, తాల్దికొర్గాన్ బస్సుని ఉషరాల్ బస్సు అని చెప్పాను. ఇద్దరు ముసలాళ్లు తప్పు బస్సెక్కి పోయారు. ఇరవై రెండేళ్లలో నేను ఒక్క బస్సు తప్పు చెప్పలేదు.

అది మూడు రోజులు నాతో మాట్లాడలేదు. టీ పోస్తే తాగింది, జడ వేస్తే కూర్చుంది. నాలుగో రోజు ఆ కాగితం తీసి, అన్నిటికంటే పైన యెర్కిన్ అని రాసింది. వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. ఎనిమిది వచ్చాయి. టీచరు ఏడు అంది కదా, అందుకని అడుగున ఉన్న పేరుని గీత పెట్టి కొట్టేసింది. కొట్టేసి ఏడుపు మొదలుపెట్టింది. "పాపం, ఈ తాత ఇప్పుడు ఎక్కడికి పోతాడమ్మా? ఏం తప్పు చేశాడని?" అని ఒకటే ఏడుపు.

ఆ గీత నా మీద పెట్టినట్టే అనిపించింది రౌషన్. పైన ఒకరు వచ్చి చేరితే అడుగున ఉన్నవాళ్లు రాలిపోవాలి కదా, ఆ రాలిపోయేది నేనే అనుకున్నాను.

అప్పుడు చెప్పేశాను. నువ్వెవరో చెప్పాను, నేనెవరో చెప్పాను. అది విని, "అయితే వదిన నన్ను ఎందుకు ఇచ్చేసింది?" అంది. నేను అడిగాను కాబట్టి ఇచ్చింది అన్నాను. అది నిజమే. మీ మామగారు పోయి అప్పటికి పదహారు రోజులు. పొయ్యి వెలిగించడానికి కూడా నాకు చేతులు ఆడేవి కావు. పిల్లని నాకివ్వు అని నిన్ను అడిగాను. అలాంటి ఇంట్లో నిలబడి అత్తగారికి లేదు అని ఏ కోడలు అనగలదు? అది తెలిసే అడిగాను.

ఇంకొక సంగతి. యెర్కిన్ నన్ను వదినా అన్న పన్నెండేళ్లూ నేను బతికే ఉన్నానని నీకు గొప్పగా రాశాను. మా అత్తగారు పోయాక వాడు నా దగ్గరికి వచ్చాడు. ఈనాటికీ నన్ను అమ్మా అనే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. నువ్వు గమనించావో లేదో, నేను ప్రతిసారీ గమనిస్తాను. అది నాకు తెలిసి ఉండి కూడా నీకు అదే చేశాను.

నీ కడుపు పోయిన సంగతి చదివిన రోజు పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. రెండుసార్లు ఆస్పత్రి మంచం మీద నీ పక్కన నేను లేను.

ఒట్టు వద్దు. రండి. పిల్లని మీ దగ్గర ఉంచుకుంటామంటే ఉంచుకోండి. దాని చెప్పులు, పుస్తకాలు సర్దిపెట్టాను.

కుల్యాష్


అల్మాటీ
15 ఫిబ్రవరి

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం ఆయన చదివారు, తర్వాత నేను చదివాను, తర్వాత ఇద్దరం కలిసి చదివాం. ఆ ఒక్క క్షణం సంగతి నేను ఎన్నడూ గమనించలేదు. ఆయనకు తెలుసట. "ఆగకుండా అనాలని ప్రతిసారీ అనుకుంటాను," అని చెప్పి ముఖం కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

ముందు జిబెక్‌కి ఒక మాట చెప్పండి. ఆ గీత చెరిపెయ్యమనండి. ఏడుగురు తాతలు తెలియని పిల్లని అందరూ ఎగతాళి చేస్తారు గానీ, ఎనిమిది మంది తెలిసిన పిల్లని ఎవరేమంటారు? ఎనిమిదీ చెప్పమనండి. ఆ ఎనిమిదో ఆయన పేరు నేను నోట అనకూడదు. అయినా ఆయన ఎక్కడికీ పోనక్కర్లేదు. మీరూ అంతే. ఆ చెప్పులు, పుస్తకాలు సంచిలోంచి తీసి ఎక్కడివి అక్కడ పెట్టండి.

డిసెంబరులో నేను రాసిన ఉత్తరం నాది కాదని అనను. కానీ మీరు జిబెక్‌కి నా తరఫున సగమే చెప్పారు. మీరు అడిగారు, నిజమే. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఇంకా పుడతారులే అనుకున్నాను. ఇచ్చేసి అల్మాటీ బస్సెక్కాక, రాత్రిళ్లు హాయిగా నిద్రపోవచ్చని కూడా ఒకసారి అనుకున్నాను. ఈ సగం దానికి నేనే చెప్పుకోవాలి. విని కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి.

షాపు వెనక గది ఉందని ఒరాజ్ చెప్పాడు, మేమిద్దరం అందులో సర్దుకుంటాం. జిబెక్ ఏ ఇంట్లో అన్నం తింటుందో, ఏ ఇంట్లో పడుకుంటుందో తన ఇష్టం. నన్ను ఏమని పిలుస్తుందో కూడా తన ఇష్టమే. వదినా అన్నా వెంటనే పలుకుతాను. ఆ పిలుపు రోజూ వినపడే దూరంలో ఉండాలి, అంతే. దాని కోసం ఈ పెద్ద ఊరు వదిలి వస్తున్నాను.

మీ పాత ఉత్తరాలు కోపంలో తగలబెడదామనుకున్నాను. ఈ ఇంట్లో కట్టెల పొయ్యి లేక బతికిపోయాయి, అవి కూడా తెస్తున్నాను.

మార్చి పధ్నాలుగున, శనివారం, ఒరాజ్ బస్సులో బయలుదేరుతున్నాం. మీకు కష్టంగా ఉంటే ఆ రోజు మైకు దగ్గర ఇంకెవరినైనా కూర్చోపెట్టండి. నేనేమీ అనుకోను.

రౌషన్


సర్కండ్
1 మార్చి

అమ్మాయ్ రౌషన్,

షాపు తలుపు పలకలు పీకించాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. వెనక గదిలో పొయ్యి పొగ వస్తోంది, యెర్కిన్ వచ్చి చూసుకుంటాడు, లిఫ్టులు లేని ఊళ్లో వాడికి ఏదో ఒక పని ఉండాలి కదా. నౌరీజ్ పండగ గంజికి గోధుమలు ఈసారి నలుగురికి నానబోస్తాను.

గీత చెరిగింది. రబ్బరుతో గట్టిగా రుద్దితే కాగితం చిల్లు పడింది. అందుకని కొత్త కాగితం తీసుకుని ఎనిమిది పేర్లూ పెద్ద అక్షరాలతో రాసింది. బడిలో చెప్పింది. టీచరు ఏమీ అనలేదు. మదీనా మాత్రం, "నాకూ ఎనిమిదో పేరు కావాలి," అని వాళ్ల తాతని పీక్కుతింటోందట. ఇప్పుడు ఎవరి సంచి వాళ్లే మోసుకుంటున్నారు.

మైకు దగ్గర ఇంకెవరినైనా కూర్చోపెట్టమన్నావు. కూర్చోపెడుతున్నాను. పధ్నాలుగున నా కుర్చీలో జిబెక్ కూర్చుంటుంది. అదే అడిగింది. వారం నుంచి గరిటె పట్టుకుని సాధన చేస్తోంది, "అల్మాటీ నుంచి వచ్చిన బస్సు రెండో గేటు దగ్గర ఆగింది," అని. ఆ తర్వాత ఎనిమిది పేర్లూ మైకులో చదువుతానంటోంది. ఊరంతా వింటుందే అన్నాను. "విననీ," అంది. మొదటి పేరు యెర్కిన్. ఆ తర్వాతవి నువ్వూ నేనూ జన్మలో పైకి అనలేనివి.

పేర్లన్నీ అయ్యాక ఇంకొక్క మాట ఉందట, అది నీకట. ఏమిటే అంటే నాకు చెప్పడం లేదు. వదినా అంటుందో, ఇంకేమైనా అంటుందో నాకు తెలియదు. ఏదైనా సరే, నేను దాని పక్కనే నిలబడి ఉంటాను. ఆ రోజు కరెంటు ఆపవద్దని కరెంటాఫీసుకి వెళ్లి బతిమాలుకుని వచ్చాను.

బస్సులో కుడివైపు కూర్చో, మైకు అటే ఉంటుంది. చలి అనుకోకుండా ఊళ్లోకి రాగానే కిటికీ తెరువు.

మీ అత్త,
కుల్యాష్